ఆరు కప్పులు, వంద లీటర్ల నీళ్ళు

2000వ సంవత్సరం, జనవరి నెల. హిందూపురం శివార్లలో నా వర్క్‌షాపు పెట్టి అప్పటికి పదకొండేళ్ళు. ట్రాక్టరు వెనక తగిలించే ట్రాలీలు తయారుచేయడం మా పని. మెకానికల్ ఇంజనీరింగ్ చదివి ఈ ఇనుప రేకులు కొట్టుకోవడమేమిటని బంధువులు మొదట్లో అడిగేవారు. తర్వాత వాళ్ళే ట్రాలీ కావాలని వచ్చి తగ్గింపు అడిగారు. మా ట్రాలీల్లో వేరుశనక్కాయలు, ఇసుక, పెళ్ళిజనం, ఎన్నికల జనం అందరూ ప్రయాణించారు. కొందరు నిద్ర కూడా పోయారు. కానీ అది మేం ఉద్దేశించి చేసింది కాదు.

నిద్రపోవడానికే తయారైన బండి ఒకటి ఆ నెలలో మా షెడ్డు ముందుకు వచ్చి ఆగింది. ట్రాక్టరు లాక్కొచ్చింది. రెండు చక్రాల మీద తెల్లటి పెట్టె. కిటికీలు, కిటికీలకు పూల కర్టెన్లు, పక్కన చిన్న తలుపు. లోపల రెండు పడకలు, ఒక బల్ల, గోడకు అలమర. ట్రాక్టరు మడ్‌గార్డు మీద నుంచి మెల్లగా దిగినాయన రషీద్ సార్. చిలమత్తూరు హైస్కూల్లో నాకు భూగోళం చెప్పారు. రిటైరై రెండేళ్ళయింది.

"ఏం సార్ ఇది?" అన్నాను.

"ఇల్లు."

"చక్రాలుండాయి సార్."

"అందుకే కొన్నా."

వజ్రకరూరు వైపు వజ్రాలు వెతకడానికి ఒక కంపెనీ వచ్చింది. తొలకరి వాన పడగానే మా రైతులు చేలల్లో వంగి ఉత్త కళ్ళతో చేసే పనినే అది యంత్రాలతో రెండేళ్ళు చేసి, అదే ఫలితం సాధించి, సామాను వేలం వేసి వెళ్ళిపోయింది. వాళ్ళ ఇంజనీర్లు చేలల మధ్య కాపురమున్న ట్రైలర్ ఇది. వేలంలో దీన్ని పాడిన మనిషి సార్ ఒక్కరే.

కొన్న కారణం మాత్రం తమాషా కాదు. సార్ భార్య షంషాద్ అమ్మకు నడుము జబ్బు. గంటసేపు కూర్చుంటే, అరగంట పడుకోవాలి. ఈ ఏర్పాటుకు ఒప్పుకునే బస్సు మా జిల్లాలో లేదు. ఆమె అక్క బానూబీ ఉండేది రాయదుర్గంలో. జిల్లాకు ఈ చివర చిలమత్తూరు, ఆ చివర రాయదుర్గం. అక్కాచెల్లెళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకుని ఎనిమిదేళ్ళయింది. అక్కకు కళ్ళు మసకబారుతున్నాయని ఈమధ్యే ఉత్తరం వచ్చిందట.

"దాంట్లో పండుకోబెట్టి, మా పాత జీపుతో మెల్లగా లాక్కుపోతా," అన్నారు సార్.

"కుదరదు సార్. బండి కదిలేటప్పుడు ట్రైలర్‌లో మనిషి ఉండకూడదు. అది తెగినా, ఒరిగినా ముందున్న మనకు తెలిసేలోపల అయిపోతాది. అమ్మ జీపులో కూర్చోవాల. గంటకోసారి ఆపి, ట్రైలర్‌లో పండుకోవాల."

సార్ కొంచెంసేపు ఆలోచించి, "అంటే ఆస్పత్రి మన ఎంబడి వస్తాది, మనం దాంట్లో పోము," అన్నారు. ఇంతకంటే బాగా నేను చెప్పలేను.

పని మొదలుపెట్టాం. మా ట్రాక్టరు ట్రాలీలకు బొక్కలో పిన్ను గుచ్చి వదిలేస్తాం. అది దారి పొడుగునా లొడలొడలాడుతుంది. ఆ చప్పుడు లేకపోతే ట్రాక్టరు డ్రైవరుకు నిద్రొస్తుంది. ఈ ట్రైలర్‌ది బాల్ కప్లింగ్. అంటే జీపు వెనక ఒక ఉక్కు బంతి, ట్రైలర్ ముక్కుకు ఆ బంతి మీద బోర్లించి బిగించే గిన్నె. బంతిని లేత్ మీద తిప్పించాను. కప్లింగ్ ఊడినా ట్రైలర్ దానంతటది ఊరు చూడటానికి పోకుండా కింద రెండు సేఫ్టీ చైన్లు అడ్డంగా వేశాను. ఓవర్‌రన్ బ్రేకు తుప్పు వదిలించాను. జీపు నెమ్మదించినప్పుడు ట్రైలర్ వెనక నుంచి నెడుతుంది కదా, ఆ నెట్టుడుకే ఒక కడ్డీ లోపలికి పోయి ట్రైలర్ చక్రాలకు బ్రేకు పడుతుంది. తెలివైన ఏర్పాటు. టైర్లు కొత్తవి వేశాం. ఖాళీ ట్రైలర్‌ను యాభై వేగంలో లాగి చూశాను. బుద్ధిగా వచ్చింది.

నా దగ్గర వెల్డింగ్ చేసేది ఓబులేసు. నాకంటే ఇరవై ఏళ్ళు పెద్ద. ట్రాక్టర్లు రాకముందు ఎద్దులబండ్లు కట్టేవాడు. ట్రాక్టర్లు వచ్చి ఆ పని పోయాక ట్రాలీల వైపు వచ్చాడు. మాట్లాడేది తక్కువ. ఎక్కువగా గొణుగుతాడు.

చివర్లో సార్ ఒక కోరిక కోరారు. ట్రైలర్ వెనక గోడకు బయటివైపు వంద లీటర్ల నీళ్ళ డ్రమ్ముకు స్టాండు కావాలి, కింద కొళాయి ఉండాలి. "దారిలో ఎవరన్నా దప్పికని అడిగితే తిప్పుకొని తాగతారు. మనం దిగే పని లేదు."

"ఎనకనా?" అని ఓబులేసు గొణిగాడు. "ముందర పెడదాం సార్."

"ముందర గ్యాసు సిలిండర్ పెట్టె ఉండాది," అన్నాను. స్టాండుకు లెక్క కట్టాను. వంద లీటర్లు కాదు, మూడు వందల లీటర్లు పెట్టినా స్టాండు ఊడదు. లెక్క తప్పలేదు. స్టాండు ఇప్పటికీ ఊడలేదు.

బయలుదేరే రోజు పొద్దున్నే నేను, ఓబులేసు చిలమత్తూరు వెళ్ళాం. కొత్తగా బిగించిన బండిని మొదటి పదిహేను కిలోమీటర్లు దగ్గరుండి చూడటం మా అలవాటు. ఆగినప్పుడు చక్రం మధ్యలో చెయ్యి పెట్టి చూస్తాం. చెయ్యి కాలితే బేరింగు బిగుసుకున్నట్టు. అప్పటికే సామాను సర్ది, కర్టెన్లు వేసేశారు. నేను నట్లు చూశాను, చైన్లు చూశాను, టైర్లలో గాలి చూశాను. లోపల ఏం సర్దారో చూడలేదు. కర్టెన్లు వేసి ఉన్న ఇల్లు. తలుపు తీసి తొంగిచూడటం మర్యాద అనిపించలేదు. వెనక డ్రమ్ము నిండుగా ఉంది. దాన్ని చేత్తో తట్టి, "మంచి పని చేసినారు సార్, నీళ్ళుండాల," అని మెచ్చుకున్నాను కూడా.

షంషాద్ అమ్మ జీపులో ముందు సీట్లో కూర్చుంది. ఒళ్ళో పాత దుప్పటి చుట్టిన మూట.

"అది కూడా ట్రైలర్‌లో పెట్టొచ్చు కదమ్మా," అన్నాను.

"కప్పులప్పా. మా అమ్మవి. పింగాణీవి. ఆరు."

వాళ్ళ నాయన రాయదుర్గంలో జట్కా తోలేవాడట. ఎవరో ఆఫీసరు బదిలీ మీద పోతూ ఇచ్చిపోయిన టీ సెట్టు. అమ్మ పోయాక అక్కాచెల్లెళ్ళు పంచుకున్నారు. ఈమెకు కప్పులు, అక్కకు సాసర్లు.

"అట్లెట్ల పంచుకున్నారమ్మా?"

"అప్పుడు కొట్లాటలో ఉన్నింటిమి," అంది. "నీ బండి మీద అనుమానం కాదులే. కప్పుల మీద జాలి."

సార్ నడిపారు. పక్కన అమ్మ, వెనక నేను, ఓబులేసు. పన్నెండు కిలోమీటర్లు ఏ ఇబ్బందీ లేదు. ఆ తర్వాత ఒక దిగుడు వచ్చింది. మా వైపు ఉలవ పంట కోసినాక కళ్ళంలో కంటే తారు రోడ్డు మీదే ఎక్కువ ఆరబోస్తారు. బస్సులూ లారీలూ తొక్కుతూ పోతే గింజ రాలుతుంది. నూర్పిడి కూలి మిగులుతుంది. ఆ దిగుడు పొడుగునా ఉలవ మొక్కలు మోకాలెత్తున పరిచి ఉన్నాయి. సార్ వేగం నలభై దాటింది.

నేను వెనక్కు తిరిగి చూస్తున్నాను. తెల్లటి పెట్టె ఒకసారి కుడికి కదిలింది. తర్వాత ఎడమకు, కొంచెం ఎక్కువగా. తర్వాత కుడికి, ఇంకొంచెం ఎక్కువగా. దీన్ని స్వే అంటారు. వెనక బండి తోక ఊపడం మొదలుపెడితే ముందు బండిని కూడా ఊపుతుంది. సార్ బ్రేకు తొక్కారు.

"సార్, బ్రేకు మీద కాలు తీయండి. స్టీరింగు తిప్పొద్దు."

"ఎందుకు?"

ముప్పయ్యేళ్ళు పిల్లల్ని ‘ఎందుకు’ అని అడిగిన మనిషి. అలవాటు ఎక్కడికి పోతుంది?

"చెప్తా సార్. ముందు తీయండి."

తీశారు. కానీ అప్పటికే కింద ఉలవలు. ఆరు చక్రాలూ సబ్బు మీద నిలబడ్డట్టు జారాయి. జీపు ఏటవాలుగా, ట్రైలర్ రోడ్డుకు అడ్డంగా ఆగాయి. ట్రైలర్ కుడి చక్రం రోడ్డు అంచు మీద ఉంది. అంచు కింద రెండు నిలువుల లోతున వాగు. వాగులో నీళ్ళు లేవు, మా వాగుల్లో ఎప్పుడూ ఉండవు. రాళ్ళు మాత్రం పుష్కలం.

కొంగు నడుముకు చుట్టుకుని, చేతిలో చేట పట్టుకుని ఒకామె నింపాదిగా వచ్చింది. ఉలవలు ఆమెవి. పేరు తిప్పక్క అని తర్వాత తెలిసింది. ట్రైలర్ చుట్టూ తిరిగి, కింద వంగి చూసి, "ఈ పక్క బాగా నలిగినాది," అంది. "ఆ పక్క కూడా ఇట్లే అడ్డం తిప్పుకొని పో అన్నా."

ఓబులేసు దిగి చక్రాల కింద రాళ్ళు పెట్టాడు. షంషాద్ అమ్మ మూట విప్పి కప్పులు లెక్కపెట్టుకుంది. ఆరు. మళ్ళీ చుట్టింది.

"రాయదుర్గం యాడికీ పోదు," అంది సార్‌తో. "అక్క కూడా ఆడ్నే ఉంటాది. నన్ను ఇంటికాడ దింపండి. ఈ పెట్టెను ఎవరికన్నా అమ్మేయండి."

వేలంలో ఒంటరిగా పాడిన మనిషి ముఖం అప్పుడు మొదటిసారి కనిపించింది. ఆయన వైపు చూడలేక నేను కప్లింగ్ వైపు చూశాను. బంతి సరిగ్గా ఉంది. నట్లు సరిగ్గా ఉన్నాయి. టైర్లు సరిగ్గా ఉన్నాయి. నేను చూసినవన్నీ సరిగ్గానే ఉన్నాయి.

తిప్పక్క మనుషులు నలుగురు వచ్చి పట్టారు. అందరం కలిసి ట్రైలర్‌ను రోడ్డు మధ్యకు తోసి, మళ్ళీ రాళ్ళు పెట్టాం. కప్లింగ్ చూస్తానని ఓబులేసు గిన్నె బిగింపు వదిలించాడు. మామూలుగా అట్లా వదిలిస్తే ముక్కును మనం బలవంతాన పైకెత్తాలి. ఇది దానంతటదే లేచింది. ఆకాశం వైపు లేచి, వెనక డ్రమ్ము స్టాండు నేలకు తగిలి ఆగింది.

ఓబులేసు నా వైపు చూశాడు. "కాడి లేస్తాండాది సార్. ఎద్దులైతే ఈపాటికి మెడపట్టెడ బిగిసి ఉరి పడుండు."

ఎద్దులబండిలో బరువు వెనక్కు పడితే కాడి పైకి లేస్తుంది. ముందుకు పడితే ఎద్దు మూపు మీద ఆనుతుంది. ఎద్దు అణిగి నడుస్తుంది, బండి దారి తప్పదు. ట్రైలర్‌కు కూడా ఇదే న్యాయం. దీన్ని నోస్ వెయిట్ అంటారు. మొత్తం బరువులో పదో వంతు దాకా ముక్కు మీద ఆనాలి. నాకిది తెలియదనుకోవద్దు. పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను.

"లోపల ఏం పెట్టినారు సార్?" అని అప్పుడు అడిగాను.

వెనక పడక కింద అక్కకోసం ఒక మూట వేరుశనక్కాయలు. దాని మీద బియ్యం, రోలు. రోలు ఎందుకని నేను అడగలేదు. అన్నిటికంటే వెనక, ఇరుసుకు బాగా దూరంగా, నేను తట్టి మెచ్చుకున్న వంద లీటర్లు.

షంషాద్ అమ్మ జీపులో నుంచే మాట్లాడింది. "మా నాయన జట్కాలో మనుషులు ఎక్కేటప్పుడు దినానికి నూరుసార్లు చెప్పేటోడు, ముందుకు జరగండి, ముందుకు జరగండి అని. ఆయన ఏం చదువుకోలేదు."

తిప్పక్కతో కలిపి మా ఐదుగురిలో ముగ్గురికి ఈ సంగతి చిన్నప్పటి నుంచి తెలుసు. తెలియని ఇద్దరం డిగ్రీలు ఉన్నవాళ్ళం.

ఎందుకు పట్టుకోలేకపోయానో తర్వాత చాలాసార్లు ఆలోచించాను. వెనక ఇసుక మూట కట్టి ఉంటే పట్టుకునేవాణ్ణి. ఇనుము ఉంటే పట్టుకునేవాణ్ణి. నీళ్ళు కాబట్టి పట్టుకోలేదు. అనంతపురం జిల్లాలో పుట్టినవాడికి నీళ్ళు బరువుగా కనిపించవు. డ్రమ్ము నిండుగా ఉంటే మంచి అనిపిస్తుంది, అంతే. ఓబులేసు కూడా ‘ముందర పెడదాం’ అన్నాడు గానీ ‘వద్దు’ అనలేదు.

డ్రమ్ము ఖాళీ చేయాలన్నాను.

"రోడ్డు మీద పోస్తావా?" అన్నారు సార్. "నీళ్ళను?" ఎనిమిదో తరగతిలో నేను గోదావరిని తప్పుచోట గీసినప్పుడు ఇదే గొంతు.

సమస్యను తిప్పక్క తీర్చింది. ఇంటికి మనిషిని పంపి బిందెలు తెప్పించింది. కొళాయి ధార సన్నం. మేమంతా రోడ్డు పక్కన కూర్చుని బిందెలు నిండేదాకా చూశాం. "రేపు కూడా ఇట్లే పోతారా అన్నా?" అని అడిగిందామె.

శనక్కాయల మూటను, బియ్యాన్ని, రోటినీ ఇరుసుకు కొంచెం ముందు నేల మీదకు జరిపాం. ఒకసారి తూచి చూశాక తేల్చుకుందామని మెల్లగా హిందూపురం చేరాం. తోక ఊగలేదు. షెడ్డు పక్కన శనక్కాయల మండీ ఉంది. వాళ్ళ కాటా అడిగి తెచ్చి ట్రైలర్ ముక్కు దాని మీద ఆనించాం. అరవై ఆరు కిలోలు, మొత్తంలో దాదాపు పదో వంతు. నీళ్ళకోసం రెండు క్యాన్లు కొని సరిగ్గా ఇరుసు మీద, లోపల నేలకు బెల్టులు వేసి కట్టాం. మళ్ళీ తూచాం. అరవై ఆరే. కాటాతో పాటు ఓబులేసు తన పరీక్ష కూడా పెట్టాడు. ముక్కును ఒంటరిగా మోకాలి ఎత్తుకు లేపాడు. లేపుతూ గొణిగాడు.

"సరిపోయినాది సార్," అన్నాడు దించి.

షంషాద్ అమ్మ ఇదంతా మా షెడ్డులో నులకమంచం మీద పడుకుని చూస్తూ ఉంది. ఇంటికి తీసుకెళ్ళమని మళ్ళీ అడగలేదు. ఒప్పుకోనూ లేదు.

"ఆ ఉలవల మీద ఇంగోసారి పోయి రాండి," అంది. "నేను ఈడ్నే ఉంటా. బండి నిలువుగా వస్తే చూద్దాం."

నేను నడిపాను. సామాను మొత్తం ట్రైలర్‌లోనే. పైదాకా ఎక్కి, జీపు తిప్పుకుని దిగాను. అదే దిగుడు, అదే ఉలవలు, నలభై వేగం. అద్దంలో తెల్లటి పెట్టె పళ్ళెంలో పెట్టినట్టు కదలకుండా వస్తోంది. కింద వాగు దగ్గరికి వచ్చేసరికి తిప్పక్క రోడ్డుకు అడ్డంగా నిలబడింది. చేటలో రెండు పడుల ఉలవలు.

"ఏందిది తిప్పక్కా?"

"కూలి. మూడుసార్లు తొక్కిచ్చినారు. మా మరిదైతే అన్నం పెట్టినా తొక్కియ్యడు."

ఉలవలు తీసుకెళ్ళి షంషాద్ అమ్మ చేతికి ఇచ్చాను. కూలి సంగతి చెప్పాను. గింజల్ని వేళ్ళతో కలిపి చూసి, మంచం మీద నుంచి మెల్లగా లేచింది. జీపులోని మూట తీసుకుంది. దుప్పటి విప్పి, ఒక్కో కప్పునూ ఒక్కో తువ్వాలులో చుట్టి, ట్రైలర్ ఎక్కి అలమరలో పెట్టి, తలుపు గొళ్ళెం వేసింది. సార్ నా వైపు చూడకుండా కళ్ళద్దాలు తుడుచుకున్నారు.

మరునాడు బయలుదేరాం. రాయదుర్గంలో ట్రాలీ బేరం ఒకటి ఉందని చెప్పి నేను, ఓబులేసు కూడా ఎక్కాం. బేరం ఉన్న మాట నిజమే, అంత తొందర లేకపోయినా. పెనుకొండ దాటి, కళ్యాణదుర్గం మీదుగా వెళ్ళాలి. రోడ్డు కొన్నిచోట్ల ఉంది. గుంతలున్న చోట నడక వేగం. మలుపుల దగ్గర జీపును బాగా వెడల్పుగా తిప్పాలి. ట్రైలర్ ఎప్పుడూ దగ్గరి దారి వెతుక్కుని లోపలి వైపు కోసుకుంటూ వస్తుంది. ఎక్కడా ముప్పై అయిదు దాటలేదు. గంటకోసారి ఆపడం, అమ్మ ట్రైలర్‌లో పడుకోవడం, నేను చక్రం మధ్య చెయ్యి పెట్టి చూడటం. ఆగిన ప్రతిచోటా జనం చేరేవారు. ఒక ఊళ్ళో పశువుల డాక్టరనుకుని ఎనుమును తోలుకొచ్చారు. ఇంకో చోట ఒక పెద్దాయన లోపలంతా చూసి, "దేవుడు యాడ సామీ?" అని అడిగాడు. రథమనుకున్నాడు.

రాత్రికి కళ్యాణదుర్గంలో ఆగాం. మరునాడు మధ్యాహ్నానికి రాయదుర్గం.

బానూబీ ఇల్లున్న సందులోకి ట్రైలర్ పట్టలేదు. సందు మొదట్లో, కుట్టుమిషన్ల చప్పుడు వినిపించే ఒక షెడ్డు పక్కన ఆపాం. కబురు పోయింది. కాసేపటికి ఒక సన్నటి ముసలమ్మ గోడ తడుముకుంటూ వచ్చింది. చంకలో ఒక అట్టపెట్టె. ట్రైలర్ మెట్టు దగ్గర నిలబడి, మసక కళ్ళతో చెల్లెలి ముఖం దగ్గరికి వంగి చూసింది.

"ఎనిమిదేండ్లు," అంది. "నడిచొచ్చినా ఈపాటికి వచ్చుందువు."

"నడుము నొప్పి."

"నాకు కండ్లు లేవు. సరిపోయినాది. ఎక్కియ్యి నన్ను."

షంషాద్ అమ్మ అలమర గొళ్ళెం తీసింది. నేను, ఓబులేసు బయట నిలబడి వింటున్నాం. తువ్వాళ్ళు ఒక్కొక్కటీ విప్పుతున్న చప్పుడు. తర్వాత పింగాణీ మీద పింగాణీ ఆనిన చిన్న చప్పుడు, ఒకటి, రెండు. ఓబులేసు వేళ్ళు మడుస్తున్నాడు. నేను కూడా. ఆరు.

టీ ట్రైలర్‌లోనే కాచారు. ఐదుగురం, ఐదు కప్పులు, ఐదు సాసర్లు. ఆరోదానిలో బానూబీ చక్కెర పోసింది. సాసర్లో పోసుకుని తాగే అలవాటున్న ఓబులేసు ఆ రోజు కప్పుతోనే తాగాడు, రెండు చేతులతో పట్టుకుని.

ఆ ట్రైలర్ తర్వాత చాలా ఏళ్ళు తిరిగింది. ఏటా ఒకసారి రాయదుర్గం వెళ్ళేది, వర్షాలు తక్కువై రోడ్లు తెగని ఏడు రెండుసార్లు వెళ్ళేది. నా విషయానికొస్తే, ఆ నెలలోనే సొంత కాటా కొన్నాను. బండి ఎంత మోయగలదో లెక్క కట్టడం కాలేజీలో నేర్పారు. మనిషి ఏది లేకుండా ఇల్లు కదలడో అడిగి తెలుసుకోవడం షంషాద్ అమ్మ ఒళ్ళో మూటను, సార్ డ్రమ్మునూ చూశాక నేర్చుకున్నాను. ఇప్పుడు ఎవరు ఏ బండి చేయించుకున్నా ముందు ఆ ప్రశ్న అడుగుతాను. కొందరు విచిత్రంగా చూస్తారు. ఒకాయన గొర్రెలని చెప్పాడు. ఇంకొకాయన మామగారని చెప్పాడు. ఇద్దరినీ ఇరుసుకు ముందువైపే ఎక్కించమన్నాను.

తర్వాత ఏళ్ళలో ఓబులేసు చేత వెల్డింగ్ మానిపించాను. కానీ ప్రతి బండీ షెడ్డు దాటేముందు అతన్ని పిలిపించేవాణ్ణి. ముక్కు పట్టుకుని ఒంటరిగా లేపేవాడు. నోరు మూసుకుని సునాయాసంగా లేపితే బండి మళ్ళీ లోపలికే. గొణిగితే గేటు తీసేవాళ్ళం.